‘ఏమీ తేవద్దు’ – శేషాన్నరంజనీ వ్యాఖ్యాసహితం

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలు మూడింటికి ‘సంజీవని’ వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాట ఇవ్వగలడు. రెండోది ఇవ్వలేడు. ఆయనకు దొరికిన మూలం మేఘసందేశం, నాకు దొరికింది వాట్సాప్ సందేశం.

మూలకర్త్రి మా వదినగారు, అనగా నా భార్యకు అక్కగారు. నివాసం టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో. రచనాకాలం థాంక్స్‌గివింగ్‌కు ముందు వచ్చే ఆదివారం, రాత్రి అంట్లు కడిగేశాక. చదవడానికి అధికారులు కుటుంబం గ్రూపులో ఉన్న వారందరూ. వారిలో టొరంటోలో ఉండే పిన్నికొడుకు ఒకడు. కెనడాలో ఈ పండుగ అక్టోబరు రెండో సోమవారమే వెళ్ళిపోతుంది కాబట్టి, “మాది అయిపోయిందిగా” అని అతడు ఏటా జవాబిస్తాడు. ఏటా అతణ్ణి ఎవరూ పట్టించుకోరు.

మూలం

“గురువారం అందరూ మా ఇంటికే. ఒంటిగంటకల్లా వచ్చేయండి. ఏమీ తేవద్దు. టర్కీ సంగతి బాబు చూసుకుంటాడట. పోయినసారి డబ్బాలుంటే తెండి.”

టీక

గురువారం = నవంబరు మాసపు నాలుగవ గురువారమున. ఏ గురువారమో చెప్పలేదే అని శంక. రూఢి కనుక చెప్పనక్కర్లేదని సమాధానం. అయితే ఈ రూఢి ఊరికే ఏర్పడలేదు. సారా జోసెఫా హేల్ అనే సంపాదకురాలు, దేశమంతటికీ ఒకే రోజు ఉండాలని ఏళ్ళ తరబడి అధ్యక్షులకు ఉత్తరాలు రాసింది. మన కాన్వెంటు పిల్లలు పాడే ‘మేరీ హాడ్ ఎ లిటిల్ లాంబ్’ రాసింది కూడా ఈవిడే. చివరికి అంతర్యుద్ధం మధ్యలో, 1863 అక్టోబరు 3న, లింకన్ నవంబరు చివరి గురువారాన్ని ఖాయం చేశాడు. 1939లో నవంబరుకు ఐదు గురువారాలొచ్చాయి. చివరిది 30వ తేదీ. క్రిస్మస్ బేరాలకు రోజులు చాలవని వ్యాపారులు మొత్తుకుంటే, రూజ్‌వెల్ట్ పండుగను 23కు జరిపాడు. ఇంచుమించు సగం రాష్ట్రాలు అటు, సగం ఇటు. ఏటా ఏదో ఒక పండుగ ఈరోజా రేపా అని పంచాంగాల మీద కొట్టుకునే మనకు ఈ ఘట్టం కొత్తగా అనిపించదు. టెక్సస్ ఏం చేసిందయ్యా అంటే, ఇద్దరు సిద్ధాంతుల మాటా మన్నించి రెండు రోజులూ సెలవు ఇచ్చింది. మా వదినగారు ఆ రాష్ట్రంలోనే స్థిరపడటం దైవనిర్ణయమని నా అభిప్రాయం. ఆవిడ ఏ పండుగనైనా రెండుసార్లు చేస్తారు, తిథి నాడొకసారి, తర్వాత వచ్చే శనివారం ఒకసారి. నాలుగో గురువారం అన్న చట్టం 1941 డిసెంబరులో వచ్చి ఈ తగువు తీర్చింది.

మన పంచాంగంతో వచ్చే తగువును ఏ చట్టమూ తీర్చలేదు. 2023లోనూ 2024లోనూ ఈ గురువారం కార్తికమాసంలో పడింది. మామగారు కార్తికంలో నీసు ముట్టరు. ఆ రెండేళ్ళూ వదినగారు పెరట్లో కుర్చీలు వేయించి, ఇది వనభోజనమేనని ప్రకటించారు. “ఉసిరిచెట్టేదమ్మా?” అని మామగారు అడిగితే ఉసిరికాయ పచ్చడి జాడీ తెచ్చి ముందు పెట్టారు.

అందరూ మా ఇంటికే = ఏకారం అవధారణార్థకం. ఇతర గృహాలు నిషేధింపబడినవని భావం. మా మరదలు ఈసారి తానే పిలుద్దామని ఉబలాటపడుతున్నట్టు ఎవరో ఆవిడకు ముందే చేరవేశారన్నది చారిత్రకాంశం. ఎవరో చెప్పను.

ఒంటిగంటకల్లా = మూడింటికి. దీనిపై వ్యాఖ్యాతలలో భేదం లేదు.

ఏమీ తేవద్దు = ఇది కావ్యానికి జీవగర్ర.

పూర్వపక్షం. మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే నష్టమేమిటి? అలా తీసుకున్నవాడొకడున్నాడు. ఎమ్మెస్ చదవడానికి కొత్తగా వచ్చిన కుర్రాడు, మా తోడల్లుడికి మేనల్లుడు. చేతులూపుకుంటూ వచ్చాడు. అతణ్ణి ఎవరూ ఒక్కమాట అనలేదు, పైగా విపరీతంగా ఆదరించారు. ఆ ఆదరణ మోతాదు చూసే పాపం అతనికి జరిగింది అర్థమైంది. మరుసటేడు రెండు కేకులు, ఒక పూలగుత్తి, ఒక పుచ్చకాయతో దిగాడు.

సిద్ధాంతం చెప్పాలంటే పాఠభేదాలు పరిశీలించాలి. గ్రూపులో వచ్చింది ప్రచారంలో ఉన్న పాఠం. దానికి పది నిమిషాల తర్వాత విడివిడిగా బయలుదేరిన పాఠాలు వేరే ఉన్నాయి. నా భార్యకు వచ్చినది: “నీ గోంగూర మటన్ మాత్రం తేవే, ఇక్కడ ఎవరికీ కుదరట్లేదు.” మరదలికి వచ్చినది: “పులిహోర నీ చేతిదైతేనే నాన్న తింటారు.” ఈ రెండో పాఠమే అక్షరం మారకుండా మరో ఇద్దరికీ వెళ్ళినట్టు, ఆ మధ్యాహ్నం బల్ల మీద మూడు అల్యూమినియం ట్రేల పులిహోర వరసగా చేరినప్పుడు బయటపడింది. ముగ్గురు స్త్రీలూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మామగారు మూడింటిలోంచీ సమానంగా వడ్డించుకున్నారు. నలభై ఏళ్ళు సర్కారు కొలువు చేసిన అనుభవం అలాంటప్పుడే తెలుస్తుంది.

కనుక ఏకవాక్యత ఇలా కుదుర్చుకోవాలి. ‘ఏమీ’ అనగా ‘నేను విడిగా చెప్పనిది ఏదీ’ అని అధ్యాహారం.

అతిథి తేవడానికి ప్రమాణమేమైనా ఉన్నదా అంటే ఉన్నది. 1621లో మాసచూసెట్స్ తీరాన ప్లిమత్‌లో పంట ఇంటికొచ్చాక జరిగిన విందు గురించి ఎడ్వర్డ్ విన్స్‌లో రాసిన ఉత్తరం మిగిలింది. వాంపనోగ్ నాయకుడు మాససోయిట్ తొంభైమంది మనుషులతో వచ్చాడట. మూడు రోజులున్నారట. వచ్చినవాళ్ళు వడ్డిస్తారని ఎదురుచూస్తూ కూర్చోలేదు, అడవికి పోయి ఐదు జింకల్ని కొట్టుకొచ్చారట. టర్కీ పేరు మాత్రం ఆ ఉత్తరంలో లేదు, వేటపిట్టలని మాత్రమే ఉంది. ఆ శరత్తులో అడవి టర్కీలు బాగా దొరికాయని బ్రాడ్‌ఫర్డ్ తర్వాత రాసుకున్న చరిత్రలో చెబుతాడు. కాబట్టి అతిథి తెచ్చే గిన్నెకు శ్రుతిప్రమాణం, టర్కీకి స్మృతిప్రమాణం. రెంటికీ విరోధం వచ్చినప్పుడు శ్రుతిదే పైచేయి. మా ఇళ్ళలో టర్కీ చల్లారిపోతూ ఉండగా గోంగూర మటన్ ముందు ఖాళీ అవడం శాస్త్రసమ్మతమే.

టర్కీ సంగతి బాబు చూసుకుంటాడట = ‘ట’ ప్రత్యయాన్ని గమనించాలి. చూసుకుంటాడు అంటే పూచీ చెప్పినవారిది. చూసుకుంటాడట అంటే పూచీ గాలిది. కాలేజీ నుంచి సెలవులకొచ్చిన పుత్రరత్నం మీద వదినగారికున్న నమ్మకమంతా ఆ ఒక్క అక్షరంలో ఉంది.

గడ్డకట్టిన టర్కీని ఫ్రిజ్‌లో కరిగించాలంటే నాలుగైదు పౌండ్లకు ఒక రోజు చొప్పున పడుతుంది. మావాడు తెచ్చింది పదిహేను పౌండ్ల పక్షి. ఆదివారమో సోమవారమో బయటికి తీయాలి. బుధవారం రాత్రి పదకొండింటికి తీశాడు. ఇక మిగిలింది ఆపద్ధర్మం. చన్నీళ్ళలో ముంచి ఉంచడం, అరగంటకొకసారి నీళ్ళు మార్చడం, పౌండుకు అరగంట లెక్కన ఏడున్నర గంటలు. ఈ అభిషేకానికి రుత్విక్కు ఎవరయ్యా అంటే, తెల్లవారుజామున నాలుగింటికే లేచే మామగారు. అది మార్గశిరం వచ్చిన ఏడు కనుక ఆయనకూ అభ్యంతరం లేకపోయింది. టర్కీ వండేవారి సందేహాలు తీర్చడానికి బటర్‌బాల్ కంపెనీ 1981 నుంచీ ఒక ఫోను లైను నడుపుతున్నది. మా ఇంట్లో ఆ అవసరం రాలేదు. సందేహం పుట్టకముందే సమాధానం చెప్పేవారు ఏడెనిమిదిమంది వంటింట్లో నిలబడి ఉన్నారు. లోపలి కండ 165 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరాలని కుర్రాడు థర్మామీటరు గుచ్చి చూస్తుంటే, “జ్వరం తగ్గిందా నాయనా?” అని అత్తగారు. ముక్కలు కొట్టించి పులుసు పెట్టేస్తే పొద్దున్నే అయిపోయేదని ఆవిడ ఏటా చెబుతారు. నాకూ అదే నిజమనిపిస్తుంది, పైకి అనను.

పోయినసారి డబ్బాలుంటే తెండి = ‘ఉంటే’ అన్నది మర్యాదకు. మీ దగ్గరే ఉన్నాయని నాకు తెలుసునని అర్థం. ఎవరింట్లో ఎన్ని, ఏ రంగు మూతవి, వదినగారికి కంఠస్థం.

డబ్బాలు మూడు జాతులు. మొదటిది పెరుగు డబ్బా, లోపల పెరుగు తప్ప ఏదైనా ఉంటుంది. రెండోది హోటలు నుంచి భోజనం తెచ్చుకున్నప్పుడు వచ్చిన నల్ల ప్లాస్టిక్‌ది, దానిమీద యాజమాన్యహక్కు ఎవరికీ లేదు. మూడోది గాజుది. గాజుడబ్బా ఇచ్చారంటే మిమ్మల్ని దగ్గరవాళ్ళుగా లెక్కేశారన్నమాట. వీటన్నిటికీ అతీతంగా ఒక స్టీలు టిఫిను ఉంది. మూత మీద చుక్కచుక్కలుగా చెక్కిన అక్షరాల్లో అత్తగారి పేరు, పెళ్ళయిన సంవత్సరం. గుంటూరులో బయలుదేరి విమానమెక్కి వచ్చింది. శాసనాధారం ఉన్నది కనుక అది ఏ ఇంట్లో ఎన్నాళ్ళున్నా తప్పిపోదు.

ఇప్పుడు చిక్కు. ఏమీ తేవద్దన్న వాక్యానికీ డబ్బాలు తెమ్మన్న వాక్యానికీ విరోధం కదా? ఖాళీ డబ్బాలే కదా తెమ్మన్నది, విరోధమెక్కడిది అంటారేమో. అలా అనేవారు తెలుగింట పుట్టలేదు. వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదన్నది మా అమ్మమ్మల నాటి విధి. ఏదీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి పంపేవారు. కాబట్టి డబ్బా తెమ్మనడమంటే నింపి తెమ్మనడం. నింపి తెచ్చినదాన్ని ఖాళీ చేసి, మళ్ళీ నింపి, సాయంత్రం గుమ్మం దగ్గర చేతిలో పెడతారు. “వద్దు వదినా, ఇంట్లో చాలా ఉంది” అని మూడుసార్లు అనాలి. నాలుగోసారి అంటే ఆవిడ నొచ్చుకుంటారు. ఈ లెక్కలో ఎవరి బాకీ ఎప్పుడూ తీరదు. తీర్చేస్తే ఇక రాకపోకలకు పనేముంది?

బాకీ అలా నడవకపోతే ఏమవుతుందో కూడా ప్లిమత్ ఊరే చెబుతుంది. ఐదు జింకలతో వచ్చిన మాససోయిట్ కొడుకు మెటాకొమ్. అతనికీ వలసవచ్చినవారికీ 1675లో యుద్ధమొచ్చింది. మరుసటేడు అతణ్ణి చంపి, తల కొయ్యకు గుచ్చి, అదే ప్లిమత్‌లో నిలబెట్టారు. 1970 నుంచీ ఏటా ఈ గురువారం నాడే ఆ ఊళ్ళో స్థానికజాతుల వారు చేరి దుఃఖదినం పాటిస్తున్నారు. ఆ గిన్నె ఇంకా తిరిగి వెళ్ళలేదు.

విశేషాలు

థాంక్స్‌గివింగ్ మీద వచ్చిన ఈ మూలంలో కృతజ్ఞతావాచకం ఒక్కటీ లేదేమిటని నవీనులు ఆక్షేపించవచ్చు. కాశ్మీరంలో తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యానికి ఆత్మ అన్నాడు. మా అత్తవారింట్లో అతణ్ణి ఎవరూ చదవలేదు, అయినా ఏ ఒక్కరూ ఈ విషయాన్ని వాచ్యం చేయరు. బాగుందనడానికి మారు వడ్డించుకుంటారు. నీ మేలు మరువననడానికి, విమానాశ్రయానికి తెల్లారగట్ల మూడింటికి నేను దింపుతానంటారు.

వాచ్యం చేసి తీరాలనేది ఈ దేశంలో పుట్టిన పిల్లలు. మా మరదలి కూతురు రెండో తరగతి. ఆ గురువారం భోజనాల బల్ల దగ్గరికి ఒక కాగితం పట్టుకొచ్చింది. అరచెయ్యి పెట్టి చుట్టూ గీత గీసి చేసిన టర్కీ బొమ్మ. బొటనవేలు తల, మిగతా నాలుగు వేళ్ళూ ఈకలు. ఒక్కో ఈక మీద ఇంట్లో ఒక్కొక్కరు దేనికి థాంక్‌ఫుల్‌గా ఉన్నారో అడిగి రాయాలి. పెదనాన్న “హెల్త్” అన్నాడు, ఆయన అన్నిటికీ అదే అంటాడు. వదినగారు క్షణం ఆలోచించకుండా “డిష్‌వాషర్” అన్నారు. ఎమ్మెస్ కుర్రాడు “వీసా” అన్నాడు. క్రెడిట్ కార్డనుకుని ఆ పిల్ల రాసేసుకుంది, అతనూ సరిదిద్దలేదు. నాలుగో ఈక తాతయ్యది.

“ఎవరికి చెప్పాలమ్మా?”

“ఎవరికైనా, తాతయ్యా.”

మామగారు కంచంలోకి చూశారు. పులిహోరలు మూడూ ఒక పక్క, టర్కీ ముక్క ఒక పక్క, మధ్యలో అత్తగారు పొద్దున వేయించి వండిన పెసరపప్పు. చాలాసేపటికి గొంతు సవరించుకున్నారు.

“ఇవాళ పప్పులో ఉప్పు సరిపోయింది.”

“అంటే రోజూ సరిపోవట్లేదనా?” అని వంటింట్లోంచి అత్తగారు.

ఆలంకారికులు నింద ముసుగులో చేసే స్తుతినీ, స్తుతి ముసుగులో చేసే నిందనూ కలిపి వ్యాజస్తుతి అన్నారు. చెప్పినవారికి స్తుతిగానూ విన్నవారికి నిందగానూ ఒకే వాక్యం నిలబడితే ఏమనాలో ఈ వ్యాఖ్యాత చూసిన పుస్తకాల్లో లేదు. అత్తగారు గిన్నె పట్టుకొచ్చి ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేశారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు.

పిల్ల ఇద్దరినీ మార్చిమార్చి చూసి, ఏం రాయాలో తేల్చుకోలేక, చివరికి నాలుగో ఈక మీద “సాల్ట్” అని రాసింది. సోమవారం ఆ కాగితం బడికి వెళ్ళింది. దానికి టీక ఆ టీచరమ్మే రాసుకోవాలి.