బగ్గు ఎవరిదిరా అబ్బాయ్?

మా రోజుల్లో ప్రతి బగ్గుకీ ఓ తండ్రి ఉండేవాడు. పేరుతో, సీటుతో సహా దొరికేవాడు. దొరికాక భోజనాల దగ్గర మొదలెట్టి సాయంత్రం టీ దాకా వాణ్ణి వాయించేవాళ్లం. మర్నాటికి వాడికి కొత్త పేరు పడిపోయేది. ఇప్పుడు కోడు లక్షల లైన్లుంది, బగ్గులకీ కొదవ లేదు. ఏడిపించడానికి మాత్రం మనిషి దొరకడం లేదు. నా గోలంతా అదే.

ఈ ఆచారం మేం పెట్టింది కాదు. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ వాళ్ల మార్క్ 2 యంత్రం మొరాయిస్తే వెతికారు. ఓ రిలేలో రెక్కల పురుగు ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి, లాగ్ పుస్తకంలో టేపుతో అంటించి, నిజంగా బగ్గు దొరకడం ఇదే మొదలంటూ పక్కనే ఓ చమత్కారం రాసిపెట్టారు. ఆ పేజీ ఇప్పటికీ అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ల దగ్గరుంది. చూశారా, దొంగ దొరికాడు, శిక్ష పడింది, జోకూ పేలింది. మా వృత్తికి అదీ పునాది.

నేను ఈ విద్య నేర్చింది అమీర్‌పేటలో, 1990ల చివర్లో. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనపడకుండా కోర్సుల పోస్టర్లు, జిరాక్స్ నోట్సులు, మెట్ల మీద ఇరుక్కుంటూ ఎక్కే జనం. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు ముగ్గురం. టర్బో సి నీలం తెర. సెమీకోలన్ ఒకటి మర్చిపోతే, ఆ కంపైలర్ మర్చిపోయిన లైను చూపించేది కాదు, కింద ఏ పాపం ఎరగని లైను చూపించేది. కుర్రాడు ఆ మంచి లైన్ని అరగంట పాటు చెరిపి రాసి, రాసి చెరిపి, చివరికి ఏడుపు మొహంతో చెయ్యెత్తేవాడు. మాస్టారు వెనక నుంచి వచ్చి, కుర్చీ మీద చెయ్యేసి, తెర వంక కూడా సరిగా చూడకుండా, ‘పై లైను చూడు నాయనా’ అనేవారు. క్లాసంతా గొల్లుమనేది. అలా నవ్వులపాలైనవాడు మళ్లీ జన్మలో సెమీకోలన్ మర్చిపోతే ఒట్టు. ఇప్పుడు ఎడిటర్ టైపు చేస్తుండగానే ఎర్రగీత గీసేస్తుంది. తప్పు బయటపడే లోపే సర్దుకుపోతుంది. ఇంక నవ్వేదెప్పుడు?

అదే అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని వైటూకే పుణ్యమా అని విమానమెక్కినవాళ్లు కోకొల్లలు. కోబాల్ సంగతి మొదలైంది 1959లో. అంటే తండ్రుల వయసున్న భాషని పట్టుకుని, పెద్దవాళ్లు జాగా మిగుల్చుకోవాలని సంవత్సరానికి రెండంకెలే రాసిన పాపాన్ని కడగడానికి వెళ్లారన్నమాట. పాపం ఎవరిదో తెలుసు కాబట్టి తిట్టుకుంటూ కడిగారు. అందులోనూ ఓ సుఖం ఉంది.

ఇక సోర్స్‌సేఫ్. ఈతరం పిల్లలకి ఈ పేరు చెబితే ఏదో మందు పేరనుకుంటారు. టీమంతా కోడు దాచుకునే మైక్రోసాఫ్ట్ వాళ్ల పెట్టె. అందులో ఒకడు ఫైలు చెకౌట్ చేశాడంటే దానికి తాళం పడేది. వాడు తిరిగి పెట్టేదాకా ఇంకెవడూ ముట్టడానికి లేదు. మా టీములో ఒకాయన అతి ముఖ్యమైన ఫైలుకి తాళం వేసుకుని, చెల్లెలి పెళ్లికని భీమవరం రైలెక్కేశాడు. మర్నాడే రిలీజు. అడ్మిన్‌తో తాళం తీయించొచ్చు, కానీ వారం రోజులు ఆయన చేసిన పనంతా ఆయన మెషీన్లోనే ఉంది, మెషీన్‌కి పాస్‌వర్డ్ ఉంది. పెళ్లివారింటి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకి ఫోన్ చేశాం. కొట్టాయన వెళ్లి పిలుచుకొచ్చేసరికి పావుగంట. ఇటు స్పీకర్ ఫోన్ చుట్టూ టీమంతా, ప్రాజెక్ట్ మేనేజర్‌తో సహా. అటు సన్నాయి, డోలు. పాస్‌వర్డ్ చెప్పవయ్యా అంటే చెప్పడు. ‘నేనొచ్చి చేస్తా సార్’ అంటాడు. మేనేజర్ గొంతు పెంచితే, చుట్టూ చుట్టాలున్నారని గుసగుసగా అక్షరం అక్షరం చెప్పాడు. వినపడక మేం మళ్లీ అడిగాం. సన్నాయి మీద గొంతెత్తి అరిచాడు. అప్పట్లో వెలిగిపోతున్న ఓ హీరోయిన్ పేరు, పక్కన ఆవిడ మొదటి సినిమా వచ్చిన సంవత్సరం! ఆ తర్వాత ఆ కంపెనీలో ఉన్నన్నాళ్లూ ఆయన్ని ఆ హీరోయిన్ పేరుతోనే పిలిచాం. కొత్తగా చేరినవాళ్లు కొందరు అదే అసలు పేరనుకుని ‘గారు’ కూడా చేర్చేవాళ్లు.

ఇప్పుడు గిట్ ఉంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోసం రాసుకున్నది. ఎవడి కాపీ వాడిదే, తాళాల్లేవు, పెళ్లికి ఎవడు ఏ రైలెక్కినా పనాగదు. సుఖమే, కాదనను. పైగా అందులో ‘బ్లేమ్’ అనే కమాండే ఉంది. ఏ లైను ఎవడు ముట్టాడో పేరూ తేదీతో చెబుతుంది. ఇది కదా మనకి కావలసింది అని సంబరపడ్డాను. తీరా మొన్నో ఘోరమైన లైను మీద బ్లేమ్ కొడితే, మా టీములో అందరికన్నా నెమ్మదైన అమ్మాయి పేరొచ్చింది. ఆ అమ్మాయి చేసిందల్లా ఫార్మాటర్ నడిపి కోడంతా సాపుగా సర్దడం. దాంతో ఫైళ్లకి ఫైళ్లే ఆవిడ పేరు మీదకొచ్చేశాయి. ఎవరో చేసిన అప్పు ఆవిడ నెత్తిన పడింది. అలాంటి కామిట్లని పక్కనబెట్టి చూపించడానికీ ఓ ఆప్షన్ ఉందట, పక్క సీటు కుర్రాడు చెప్పాడు. అది పెట్టి చూస్తే ఆ ముందు ముట్టినవాడు ఎప్పుడో కంపెనీ మారిపోయాడు. పోనీ, ఉన్నా ఏం లాభం? ఇప్పుడు ప్రొడక్షన్ పడిపోతే పెట్టుకునే మీటింగుల్లో పేరు ఎత్తకూడదు. ‘ప్రాసెస్‌లో లోపం’ అనాలి. ప్రాసెస్‌కి మారుపేరు పెట్టి పిలవగలమా?

మా ఫైళ్ల నెత్తిన పెద్ద బొట్టులా ఓ కామెంటు ఉండేది. రాసినవాడి పేరు, తేదీ, తర్వాత ఎవడు ఏ కారణంతో మార్చాడో అదంతా. కింద అక్కడక్కడా ఇంగ్లిష్ అక్షరాల్లో అచ్చ తెలుగు. ‘ఇది ముట్టుకోవద్దు, ముట్టుకుంటే మీ ఖర్మ’ అని ఒకచోట. వేరియబుల్స్‌కి పేరు తోచకపోతే చెత్త1, చెత్త2. ఓసారి అది అలాగే డెలివరీ అయిపోయింది. క్లయింట్ తాలూకు తెల్లాయన కాల్‌లో ‘చెట్టా అంటే ఏమిటి?’ అని ఎంతో మర్యాదగా అడిగాడు. మా లీడ్ క్షణం తడుముకోలేదు. ‘తాత్కాలిక నిల్వ’ అన్నాడు. ఆయన నోట్ చేసుకున్నాడు కూడా. ఈమధ్య ఇదంతా ఓ కుర్రాడికి చెబితే, ‘అన్నా, మన పాత మాడ్యూల్లో కూడా ఒకటుంది, ముట్టుకోవద్దు అని. తీసేశాం. ఏమీ కాలేదు’ అన్నాడు. అంత తేలిగ్గా!

రాయడం తగ్గించి తెచ్చుకోవడం మొదలయ్యాకే మనుషులు మాయమైపోయారు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే బుల్లి ప్యాకేజీని దాని కర్త ఓ పేరు తగాదాలో కోపమొచ్చి ప్యాకేజీలు పంచుకునే ఎన్‌పీఎం నుంచి తీసేశాడు. మాటకి ఎడమవైపు ఖాళీలు పేర్చడమే దాని పని. మొత్తం 11 లైన్లు. దానికే ప్రపంచమంతా బిల్డులు పటాపటా కూలాయి. రెండు మూడు గంటల్లో తిరిగి పెట్టారనుకోండి. కానీ ఆ 11 లైన్లు రాసుకోవడానికి బద్ధకించిన లక్షలమందిలో ఎవర్నని ఏడిపిస్తాం?

స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో వచ్చింది. దాన్ని మాత్రం నేనేమీ అనను. తెలివితక్కువ ప్రశ్న వేస్తే, ముందే అడిగారు పో అని తలుపేసేవాళ్లు. అచ్చం మా మాస్టారే. కొత్త పిల్లలు జడుసుకునేవాళ్లు, ఆ జడుపులోనే చదువొచ్చేది. వాళ్ల హాస్యమూ దొడ్డది. జనం తమ దగ్గర కాపీ కొట్టి బతుకుతున్నారని 2021 ఏప్రిల్ ఒకటిన కాపీ పేస్టుకే మూడు మీటల కీబోర్డు అంటూ జోకేశారు. జనం ఎగబడితే అదే ఏడాది నిజంగానే తయారుచేయించి అమ్మారు.

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఆ తిట్లూ పోయాయి. దాన్ని ఏమడిగినా ముందు ‘మంచి ప్రశ్న’ అంటుంది. నాలుగేళ్ల అనుభవం ఉన్నవాడు లూప్ ఎందుకాగడం లేదని అడిగితే అది మంచి ప్రశ్న ఎలా అవుతుందండీ? నేనూ ఓసారి అది రాసిచ్చిన ఫంక్షన్ చూసి ఒళ్లు మండి, ఇంగ్లిష్ అక్షరాల్లోనే ‘ఎవడ్రా ఇది రాసింది?’ అని కొట్టాను. క్షమాపణ చెప్పి, ఇంకో ఫంక్షన్ ఇచ్చింది. పౌరుషం లేనివాణ్ణి ఏడిపిస్తే మనకేం దక్కుతుంది? మా హీరోయిన్ గారైతే కనీసం మూతి ముడుచుకుని క్యాంటీన్‌కి విడిగా వెళ్లేవాడు.

పిల్లల్లో హాస్యం చచ్చిపోయిందనను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవడికి వాడే మీమ్ చూసి ముసిముసిగా నవ్వుకుంటాడు. పక్కవాడికి లింకు పంపుతాడు, వాడో నవ్వు బొమ్మ కొడతాడు. ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం.

అందుకే టీములో ఓ కట్టుబాటు పెట్టాను. మెషీన్ రాసినా, ప్యాకేజీ తెచ్చినా, మెర్జ్ బటన్ నొక్కినవాడే తండ్రి. బిల్డ్ పగిలితే సాయంత్రం అందరికీ సమోసాలు వాడి లెక్క. అందరూ ఒప్పుకున్నారు. మధ్యాహ్నానికల్లా మా పక్క సీటు కుర్రాడు దానికో బాట్ తయారుచేసేశాడు. బిల్డ్ పగలగానే పేరు పట్టుకుని గ్రూపులో అదే పెడుతుందట. మనిషిని ఏడిపించడానికీ బాటేనా అని సణుక్కుంటూనే చూశాను. ‘దయచేసి ఈరోజు సమోసాల ఏర్పాటు చూడగలరు’ అని ఉంది.

‘ఆ దయచేసి తీసెయ్ రా, నాలుగు తగిలించు’ అన్నాను.

‘హెచ్‌ఆర్ వాళ్లు ఊరుకోరన్నా’ అన్నాడు.