అకౌంటు సులువుగా పోగొట్టుకోవడం ఎలా?

పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకున్నాం కదా, ఇక మన అకౌంట్లు పోవేమోనని దిగులు పడేవారి కోసం ఈ చిట్కాలు. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా, మర్చిపోయినవాళ్ల కోసం కంపెనీలు ఒక దొడ్డిదారి ఉంచుతాయి. బ్యాకప్ కోడ్లు, సెక్యూరిటీ ప్రశ్నలు, రికవరీ నంబరు అన్నీ ఆ దారిలోనివే. మన కృషంతా అక్కడే చూపించాలి.

ముందు బ్యాకప్ కోడ్లు. గూగుల్ 10 కోడ్లు ఇస్తుంది. ఒక్కోదానిలో 8 అంకెలు, ఒక్కోటీ ఒక్కసారికే పనిచేస్తుంది. ఫోన్ పోయిన రోజున ఇవే దిక్కు కాబట్టి ఆ ఫోన్లోనే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. గుడ్ మార్నింగ్ పూల బొమ్మల మధ్య చక్కగా ఒదిగిపోయి, ఫోన్‌తో పాటే వెళ్లిపోతాయి. తర్వాతెప్పుడో కొత్త కోడ్లు తీసుకుంటే పాత పదీ చెల్లవు. అయినా పాత స్క్రీన్‌షాట్ డిలీట్ చేయకండి, అవసరానికి ముందు అదే చేతికి తగలాలి.

పాస్‌వర్డ్ మేనేజర్‌కి సొంత రికవరీ కోడ్ ఒకటుంటుంది. బిట్‌వార్డెన్‌దైతే బిట్‌వార్డెన్‌లోనే, 'చాలా ముఖ్యం' అని పేరు పెట్టి దాచండి. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపు నెట్టేయడం మన ఇళ్లలో కొత్తేం కాదు. మాస్టర్ పాస్‌వర్డ్ కూడా మర్చిపోతే మరీ మేలు. అది కంపెనీవాళ్ల దగ్గర కూడా ఉండదు, కాళ్లావేళ్లా పడ్డా చెప్పలేరు.

కాగితం మీద ఉంచుకోమనే ఛాదస్తులూ ఉన్నారు. 1పాస్‌వర్డ్ వాళ్లయితే ఎమర్జెన్సీ కిట్ అని ఒక పీడీఎఫ్ ఇస్తారు. అందులో సీక్రెట్ కీ ఉంటుంది, పాస్‌వర్డ్ రాసుకోవడానికి ఖాళీ ఉంటుంది. ప్రింటు తీసుకుని ఇంట్లో కూర్చుని పెన్నుతో రాయడం దండగ. టైపు చేసేసి, వీధి చివరి జిరాక్స్ షాపు గోడ మీదున్న వాట్సాప్ నంబరుకి పంపి, "అన్నా, ఒక్క కాపీ" అనండి. ప్రింటు మీ చేతికొస్తుంది. ఫైలు మాత్రం షాపు కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో, ఊరందరి ఆధార్ కార్డుల పక్కన కలకాలం ఉంటుంది.

సెక్యూరిటీ ప్రశ్నల దగ్గర నిజాయితీ ముఖ్యం. మీ అమ్మగారి పుట్టింటి పేరేమిటని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. పెళ్లి సంబంధాల కోసం ఊరంతా తిరిగిన మీ బయోడేటాలో మేనమామగారి ఇంటిపేరు గోత్రంతో సహా ఉండనే ఉంది. చదివిన స్కూలు పేరంటారా, పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఫ్లెక్సీ మీద, మీ ఫొటో పైనే ఉంది. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ యాహూ మెయిల్లోకి ఓ కాలేజీ కుర్రాడు దూరింది ఈ దారినే. పుట్టినరోజు, పిన్‌కోడ్, భర్తతో పరిచయం ఎక్కడైందన్న ప్రశ్న, అన్నిటికీ జవాబులు ఇంటర్నెట్లోనే వెతుక్కున్నాడు. జవాబుగా పాస్‌వర్డ్ మేనేజర్ పుట్టించిన గజిబిజి అక్షరాలు పెట్టి, వాటినీ అందులోనే రాసుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. వినకండి. కన్నతల్లి ఇంటిపేరు విషయంలో అబద్ధమా?

అమెరికా వెళ్లినవారికి పని ఇంకా తేలిక. రికవరీకి ఇచ్చిన ఇండియా నంబరు రీచార్జి మానేస్తే చాలు. పూర్తిగా రద్దయిన నంబరును 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇవ్వొచ్చు. మీ ఓటీపీలు ఆ కొత్తాయన చూసుకుంటాడు.

ఇక కోడ్లు, పాస్‌వర్డ్లు కొట్టే పద్ధతి. పాస్‌వర్డ్ మేనేజర్ వెబ్‌సైటు చిరునామా సరిచూసుకుని గానీ నింపదు. ఒక్క అక్షరం తేడా ఉన్న దొంగ సైటులో అది మొండికేస్తుంది. అప్పుడు చిరునామా వంక చూడకుండా, యాప్ పాడైందని విసుక్కుని, మీరే కాపీ కొట్టి పేస్ట్ చేయండి. ఎవరో ఫోన్ చేసి "సార్, వెరిఫికేషన్ కోసం ఆ కోడ్ చెప్తారా" అంటే, అంత మర్యాదగా అడిగాడు కదా, రెండేసి అంకెల చొప్పున నిదానంగా చదవండి.

ఇవన్నీ పాటించి బ్యాంకులో డబ్బు కూడా పోయిందనుకోండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే, డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది. అందుకే ముందు ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, బాబాయిలందరి అభిప్రాయాలూ వచ్చేదాకా ఆగండి.