డబ్బా చెప్పిన కిన్నెర ముచ్చట

నన్ను ఈ ఇంట్లో డబ్బా అంటారు. పుట్టింది కలకత్తాలో. ప్లైవుడ్ ఒళ్లు, ఆరు ఉక్కు తీగలు, మెడ మీద ఇరవై మెట్లు. సికింద్రాబాద్‌లో ఒక దుకాణం గోడకు వేలాడుతుంటే, మహబూబ్‌నగర్ నుంచి ఇంజనీరింగ్ చదవడానికొచ్చిన పిల్లవాడు బేరమాడి కొన్నాడు. నిజానికి వాడి కన్ను నా మీద లేదు, నా పక్కన మెరిసిపోతున్న ఎలక్ట్రిక్ గిటార్ మీద ఉంది. దాని ధర విని నా దగ్గరికి జరిగాడు. సెలవులకు ఇంటికి తీసుకుపోతే వాళ్లమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఆ డబ్బా అవతల వెట్టి సదువుకోరాదుర" అన్నది. ఆ రోజు నుంచి నా పేరు అదే.

మావాడి దేవుడు కిర్క్ హామెట్. మెటాలికా బృందంలో లీడ్ గిటార్ వాయించే ఆయన. గోడ మీద ఆయన బొమ్మ, దాని కింద నేను. ఆయన జో సాట్రియానీ దగ్గర గిటార్ నేర్చుకున్నాడని, పాదం కింద వా పెడల్ తొక్కుతూ స్వరాన్ని ఏడిపిస్తాడని మావాడు వచ్చిన ప్రతి దోస్తుకూ చెప్పేవాడు. పెడల్ నాకు లేదు. కరెంటే లేదు. అయినా ఆ పాటలన్నీ నా మీదే వాయించేవాడు. ఉరుములు రావాల్సిన చోట నా నుంచి టకటకమని చప్పుడు వచ్చేది. వాడికి మాత్రం ఉరుములే వినబడేవి.

2011 అక్టోబర్ 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయిస్తుందని తెలిసి మావాడు నిలువలేదు. అంతకు రెండు రోజుల ముందే గుర్గావ్‌లో జరగాల్సిన కచేరీ ఆగిపోయింది, జనం బారికేడ్లు విరిచేశారు. ఇది కూడా ఆగిపోతుందేమోనని ఒకటే గుబులు. కాచిగూడ నుంచి బెంగళూరు పోయే రైలు మహబూబ్‌నగర్, అదే మా పాలమూరు, మీదుగానే పోతుంది కదా, దాన్ని అందుకున్నాడు. నన్ను బీరువా మీద పడుకోబెట్టి పోయాడు. దేవుడి దర్శనానికి పోతూ నన్ను వెంట తీసుకుపోలేదన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది.

తిరిగి వచ్చేసరికి గొంతు లేదు. బూట్లనిండా బురద. దోస్తులు చుట్టూ కూచొని "ఎట్ల వాయించిండు?" అని అడిగితే, స్టేజీ మీద మనిషి బొటనవేలంత కనబడ్డాడని, ముఖం చూసింది పెద్ద తెర మీదేనని ఒప్పుకున్నాడు. "కని ఆ సౌండు ఎదలకు గుద్దిందిర" అన్నాడు. అది అబద్ధం కాదు. రాక్ కచేరీ అంటే సగం వాయించేవాడు, సగం స్పీకర్లు. వాయించే వేలికీ వినే చెవికీ నడుమ పెడల్, ఆంప్లిఫయర్, మిక్సరు, గోడలా పేర్చిన బాక్సులు. ఇవన్నీ కలిస్తేనే ఆ గుద్దు. నాలాంటి కర్ర గిటార్‌కు అందులో చోటు లేదని నాకు ఆనాడే అర్థమైంది.

తర్వాత వాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. నేను కవర్‌లోకి పోయాను. నా తీగలకు తుప్పు పట్టింది, పాలమూరు ఎండలకు మెడ కొంచెం వంగింది. ఆ ఏళ్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు.

2021 సెప్టెంబర్ 2. పవన్ కల్యాణ్ పుట్టినరోజు. 'భీమ్లా నాయక్' టైటిల్ పాట విడుదలైంది. సంగీతం తమన్‌ది. మావాడు ఇంట్లో ఫోన్ పెట్టుకొని వింటున్నాడు. మొదట్లోనే ఒక పెద్దమనిషి గొంతు, దాని వెంట ఒక తీగ. నేను కవర్‌లోంచే విన్నాను. అది గిటార్ కాదు, వీణ కాదు, సితార్ కాదు. మావాడు పాటను అక్కడే ఆపి, మొదటికి తెచ్చి, మళ్లీ మళ్లీ వినిపించాడు. పన్నెండు మెట్ల కిన్నెర అది. వాయించినాయన దర్శనం మొగిలయ్య. ఊరు లింగాల మండలం అవుసలికుంట, నల్లమల అంచున. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా అంటున్నాం గానీ 2016 దాకా అది మన పాలమూరే.

వంటింట్లోంచి వాళ్లమ్మ వచ్చి ఒక నిమిషం నిలబడి విన్నది.

"కిన్నెర గద అది. నా పెండ్లి గాకముందు మా వాడకట్టుకు డక్కలోళ్లు వస్తుండిరి. జాంబపురాణం చెప్తుండిరి, తెల్లారేదాంక."

"నాకెన్నడు చెప్పకపోతివి గదనే అమ్మా?"

"నువ్వెన్నడు అడిగినవ్?"

డక్కలివాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగల పుట్టుక కథను మాదిగ వాడల్లో చెప్పి, వాళ్లు ఇచ్చింది తీసుకొని పోయేవాళ్లు. ఊరు వాళ్లను దూరంగానే ఉంచింది. మావాడు గిటార్ వినడానికి రాత్రంతా రైల్లో కూచొని బెంగళూరు పోయాడు. కిన్నెర వాళ్లమ్మ పుట్టింటి గడప దగ్గరికి నడిచివచ్చేది.

మొగిలయ్యను ఎదురుగా విన్నది పద్మశ్రీ వచ్చాక. ఆ గౌరవం ఆయనకు 2022లో వచ్చింది. ఆ పాట విన్నాక మావాడు నన్ను తనతో తీసుకుపోయాడు. పండుగకు ఇంటికొస్తూ నన్ను భుజాన వేసుకొని ఉన్నాడు. పాలమూరులో ఒక సభలో మొగిలయ్య వాయిస్తాడని దోస్తు ఫోన్ చేస్తే, బస్టాండ్ నుంచి ఇంటికి పోకుండా నేరుగా అక్కడికే తీసుకుపోయాడు. అట్లా నాకు కూడా దర్శనమైంది.

ముందు ఆ కిన్నెరను చెప్పాలి. వెదురు దాని మెడ. ఎండిన సొరబుర్రలు దాని కడుపు. నాకు ఫ్యాక్టరీలో లోహపు మెట్లు కొట్టారు, దానికి తేనెమైనంతో అంటించారు. ఒకప్పుడు ఆ మెట్లకు అలుగు పెంకులు వాడేవాళ్లు. అలుగును ఇప్పుడు చట్టం కాపాడుతోంది కాబట్టి వేరే దారి చూసుకోవాల్సిందే. తీగలు వెనకటికి ఆడవాళ్ల వెంట్రుకలతోనో జంతువు నరంతోనో పేనేవాళ్లు. పైన నెమలీకలు, పూసలు, అద్దాలు, ఎద్దు కొమ్ము. అడవీ, ఇల్లూ, దొడ్డీ తలా ఒకటి ఇస్తే తయారైన వాయిద్యం. నా మీద నిగనిగలాడే పాలిష్ ఉందని కొంచెం గర్వపడేదాన్ని. దాన్ని చూశాక ఆ మాట ఎత్తలేదు.

మైకు కుర్రాడు మొగిలయ్య నోటి ముందు ఒక మైకు పెట్టి దిగిపోయాడు. గొంతు మైదానమంతా మోగింది. కిన్నెర మొదటి రెండు వరసల దాకా కూడా రాలేదు. సొరబుర్ర మోత మెత్తనిది, దగ్గరగా కూచున్నవాళ్ల కోసం పుట్టింది. పదివేల మందికి వినబడాలంటే దానికి వేరే మైకు కావాలి. ఇది నాకు తెలుసు, ఎందుకంటే నాదీ అదే బాధ. మావాడు లేచి పోయి, "అన్నా, బుర్ర కాడ ఇంకో మైకు వెట్టన్నా, ఆయన వాయించేది గది గద" అన్నాడు. కుర్రాడు వీణ్ని, వీడి భుజం మీది నన్ను చూసి, ఇతనూ వాయించేవాడే అనుకున్నాడో ఏమో, ఇంకో మైకు తెచ్చాడు. నా జన్మకు అదొక్కటే నేను చేసిన ఉపకారం.

అప్పుడు వినబడింది. పండుగ సాయన్న కథ ఎత్తుకున్నాడు మొగిలయ్య. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పంచినవాడని పాలమూరు పల్లెలు ఇప్పటికీ చెప్పుకునే సాయన్న. గొంతు ఒక మాట అని ఆగితే కిన్నెర ఆ మాటను అందుకొని ముగిస్తుంది. పాట, తాళం, కథ, మొత్తం బృందం ఒక్క మనిషే. హామెట్ సోలో మొదలెడితే వెనక డ్రమ్ములు, బేస్ గిటార్ మోస్తుంటాయి. ఈయన వెనక ఎవరూ లేరు. ఈసారి మావాడు పెద్ద తెర చూడలేదు. ఆయన వేళ్లనే చూశాడు.

సాయన్న కథ సగానికి రాకముందే నిర్వాహకుల్లో ఒకరు వచ్చి, టైం లేదు, సినిమా పాట పాడండన్నారు. పాడాడు. ఈలలు, ఫోన్లు, లైట్లు. అయిపోయింది. తాతల నాటి కథను ఆపి, సినిమాలో వచ్చిన నాలుగు మాటలు అడగడం నాకు నచ్చలేదు. ఆ నాలుగు మాటల వల్లే మావాడు అక్కడికి వచ్చాడని కూడా నాకు తెలుసు.

ఆ రాత్రి మావాడు కొత్త తీగలు వేసి ఆ వరస నా మీద వెతికాడు. దొరకలేదు. నా పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా సగంలో ఉంటుంది. మిగతావన్నీ కూడా లెక్క ప్రకారం బిగించినవి. వాటిని జరపడానికి లేదు. కిన్నెర మెట్టును చెయ్యి తిరిగినవాడు తన చెవి చెప్పిన చోట మైనంతో నిలబెడతాడు. ఆ స్వరాలు నా రెండు మెట్ల నడుమ ఎక్కడో పడతాయి. చివరికి వాడు హామెట్ దగ్గర నేర్చిన పని చేశాడు, తీగను వేలితో పక్కకు లాగి స్వరాన్ని పైకి వంచాడు. అప్పుడు కొంచెం దగ్గరికొచ్చింది. వాళ్లమ్మ తలుపు దగ్గర నిలబడి, "గట్ల కాదుర, ఇంక జరంత కిందికి" అన్నది. డబ్బా అవతల పెట్టమని మాత్రం అనలేదు.

2024 మేలో మొగిలయ్య హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో భవనాల దగ్గర కూలి పని చేస్తున్నాడన్న వార్త, వీడియో వచ్చాయి. మావాడు ఆ వీడియో నా ముందే చూశాడు. పాలమూరు మనిషి హైదరాబాద్‌లో ఇటుకలు మోయడం కొత్త కాదు. పద్మశ్రీ ఉన్న మనిషి మోయడమే వార్త అయింది.

జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ లాంటి పరిశోధకులు ఊరూరా తిరిగి ఇటువంటి వాయిద్యాలను సేకరించారు. మంచి పని. కానీ అద్దాల వెనక ఉన్న వాయిద్యం ఎట్లా ఉంటుందో కవర్‌లో ఏళ్లకేళ్లు పడుకున్న నన్ను అడగండి. నాలాంటివి దుకాణంలో ఎన్నైనా దొరుకుతాయి. కిన్నెరను చేయడం తెలిసినవాడు చేస్తేనే ఉంటుంది, వాయించడం తెలిసినవాడు వాయిస్తేనే పలుకుతుంది.

అందుకే సభలు పెట్టే పెద్దమనుషులకు ఈ డబ్బా విన్నపం. కిన్నెర కళాకారుణ్ని పిలిస్తే గొంతుకు ఒక మైకు, బుర్రకు ఒక మైకు పెట్టండి. సినిమా పాట చివర అడగండి. సాయన్న కథ మొదలుపెడితే అయ్యేదాకా టైం ఇవ్వండి. ఇస్తామన్న డబ్బులు ఆ రాత్రే ఆయన చేతిలో పెట్టి, బస్సు ఎక్కించి పంపండి.