లేనివాటికో దండం

ఉన్నవాటికి కృతజ్ఞతగా ఉండమంటారు పెద్దలు. మా ఇంట్లో ఉన్నవాటిలో సగం వాయిదాల మీద తెచ్చినవే. వాటికి దండం పెడితే అది నేరుగా బ్యాంకుకే చేరుతుంది. అందుకని పొద్దున్నే కాఫీ తాగుతూ లేనివాటికి దండం పెట్టుకోవడం మొదలెట్టాను, అదీ పైకి వినబడేలా.

ఆరంభం ఘనంగానే జరిగింది. మశూచి లేదు, భూమ్మీదే లేదని 1980లో తేల్చేశారు. నారికురుపు లేదు. దిగుడుబావి నీళ్ళు తాగినవాళ్ళ కాలు పుండై, అందులోంచి దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి, తెగిపోకుండా రోజుకింత లాగుతూ మంచాన పడి ఉండేవారు. మన దేశానికి ఆ పీడ విరగడైందని 2000లో తేల్చారు. టెలిగ్రాం 2013లో పోయింది. అది గుమ్మంలోకి వచ్చిందంటే చాలు, విప్పకముందే మా నాయనమ్మ శోకాలు అందుకునేది. లోపల ఉద్యోగం వచ్చిన కబురున్నా సరే, ఆవిడను ఊరుకోబెట్టేసరికి వీధి వీధంతా పరామర్శకు వచ్చేసేది.

రానురాను నా దండాలు ఇంటి సామాను మీదికి దిగాయి. కారు లేదు, సెల్లార్లో పార్కింగు గొడవ లేదు. పొలం లేదు, గట్టు తగాదా లేదు. నెత్తిన జుట్టు లేదు, నూనె ఖర్చు లేదు. ట్రెడ్‌మిల్లు లేదు, దానిమీద తువ్వాళ్ళు ఆరేసే పనీ లేదు. పిసినారితనానికీ బద్ధకానికీ వైరాగ్యమని పేరు పెట్టుకోవచ్చని తెలిశాక నేనాగుతానా? స్నానాలగదిలో గీజరు పాడై పడి ఉంటే, "కరెంటు బిల్లు బెడద లేదు" అని దానికీ ఓ నమస్కారం పడేశాను.

చన్నీళ్ళ స్నానం చేసొచ్చిన మా ఆవిడ ఇక పట్టలేకపోయింది.

"మశూచి దానంతటది పోలేదండీ. టీకాలు పట్టుకుని ఊరూరా తిరిగారు. నారికురుపు పోవాలని దిగుడుబావులు మూయించారు, నీళ్ళు గుడ్డతో వడగట్టించారు. ఎవరో ఒళ్ళు వంచి లేకుండా చేసినవి అవి. మీరు లేకుండా చేసింది ఒక్కటుంటే చెప్పండి, నేనూ దండం పెడతా."

చాలాసేపు ఆలోచించాను. ఒకటుంది. పండక్కి వచ్చే అల్లుడి కోసమని అటకమీద స్టీలు డబ్బాలో దాచిన సున్నుండలు. మోకాళ్ళ నొప్పులతో స్టూలెక్కి, రాత్రిళ్ళు నిద్ర మానుకుని, ఎవరి సాయమూ లేకుండా సాధించాను.

పైకి మాత్రం, "గీజరు మెకానిక్ నెంబరెక్కడుందే?" అన్నాను.