డ్రోనుకు నిమ్మకాయ

సోమశిల దగ్గర కృష్ణను ఒడ్డున నిలబడి చూసినవాళ్లకంటే ఫోనులో పైనుంచి చూసినవాళ్లే ఇప్పుడు ఎక్కువ. శ్రీశైలం వెనకనీళ్లు, నీళ్ల మధ్య తేలిన గుట్టలు, వెనకాల నల్లమల, వీటన్నిటి మీద ఒక సినిమా పాట. ఇంకేం, మా కొల్లాపూర్ పక్కనున్న రేవు రీల్స్‌లో ‘తెలంగాణ మాల్దీవులు’ అయి కూర్చుంది. పైనుంచి బాగుంటుంది, కాదనను. కింద మాత్రం ఎండ, చేపల వాసన, కారు తిప్పుకునే చోటు కోసం కొట్లాట. అసలు మాల్దీవులు కూడా కిందినుంచి ఇంతేనేమో. చూసొచ్చినవాళ్లు చెప్పరు, అంత ఖర్చు పెట్టారు కదా.

నాకు డ్రోను మీద మనసు పోయింది నది కోసం కాదు, మామిడి కోసం. మాకో బేనిషాన్ తోట ఉంది. ఏటా పిందె నిలిచాక గుత్తేదారు వస్తాడు. చేతులు వెనక్కి కట్టుకొని చెట్ల కింద ఒక చుట్టు తిరుగుతాడు. ఒకచోట ఆగి పైకి చూస్తాడు, నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పుకే నాకు పాతిక వేలు తరుగు. తర్వాత ఒక అంకె చెప్తాడు. అది ఎలా వచ్చిందో అడిగితే “అంతే పటేలా, కంటి లెక్క” అంటాడు. అతని కంటికి ఎదురు చెప్పడానికి నా దగ్గర ఉన్నదీ కన్నే, పైగా దానికి అద్దాలు. అందుకని ఆకాశంలో ఒక కన్ను పెట్టాలనుకున్నాను.

అమెరికాలో ఉన్న మా బామ్మర్దిని అడుగుదామనుకుంటే ఆ దారి మూసుకుపోయి ఉంది. విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలోనే మన ప్రభుత్వం నిషేధించింది, విడిభాగాలకు తప్ప. ఈ సంగతి ఫోనులో చెప్తే మా బామ్మర్ది చాలా బాధపడ్డాడు. అంత సంతోషంగా బాధపడినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. చివరికి హైదరాబాద్‌లో ఒకటి కొన్నాను. బరువు 249 గ్రాములు.

ఈ 249కి ఒక కథ ఉంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల దాకా నానో, అక్కణ్నుంచి 2 కిలోల దాకా మైక్రో. నానో అయితే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అమెరికాలో కూడా సరదాకి ఎగరేసేవాళ్లకు రిజిస్ట్రేషన్ గీత అటూ ఇటుగా ఇక్కడే ఉంది. అందుకే కంపెనీలన్నీ ఒక్క గ్రాము కింద నిలబడి చట్టానికి దండం పెడతాయి. ఈ ఒక్క గ్రాము తర్వాత మా ఇంట్లో పెద్ద గొడవ తెచ్చింది. అక్కడికి వస్తాను.

పెట్టె విప్పడానికి మా మేనల్లుడు వచ్చాడు. డిగ్రీ చదువుతున్నాడు కాబట్టి ఇంట్లో ఏ ప్లగ్గు పనిచేయకపోయినా అతన్నే పిలుస్తాం. వాకిట్లో మంచం మీద దుప్పటి పరిచి ఒక్కొక్కటే తీశాడు. కాళ్లూ చేతులూ ముడుచుకున్న డ్రోను, కెమెరా మూతికి తొడిగిన ప్లాస్టిక్ బుట్ట, రిమోటు, మూడు రకాల వైర్లు, చీమ తలకాయంత మరలు ఒక పొట్లం, అంతకంటే చిన్న స్క్రూడ్రైవరు, ఎవరూ చదవని పుస్తకం.

“మామా, బుట్ట తీయకుండా ఆన్ చేస్తే కెమెరా మోటారు పోతది,” అన్నాడు.

ఆన్ చేద్దామంటే ఆన్ కాదు. బ్యాటరీని కంపెనీవాళ్లు నిద్రపుచ్చి పంపుతారట. లిథియం సరుకు కదా, దారిలో మెలకువగా ఉంటే ప్రమాదం. ఛార్జింగ్ పెడితే గానీ లేవదు. పెట్టాం. నాలుగు చిన్న దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. మా అమ్మ వాటికి దండం పెట్టింది, ముందుజాగ్రత్తగా.

రిమోటు ఇంకో తమాషా. చూస్తే పుల్లలు లేవు. “పుల్లల్లేని రిమోటు పంపిండ్రు,” అని నేను కంపెనీకి ఫోన్ కలుపుతుంటే మేనల్లుడు రిమోటు కిందిభాగం రబ్బరు లేపి లోపల దాక్కున్న రెండింటినీ బయటికి లాగి, పైన మరలాగా తిప్పి బిగించాడు. ఇక ఫోను దాని నోట్లో పట్టాలి. కవరుంటే పట్టదు. నా ఫోను కవరు ఊడదీశాం. లోపల సింగోటం జాతరలో కొన్న లక్ష్మీనరసింహస్వామి బొమ్మ, ఎప్పటిదో బస్సు టికెట్, నాలుగు మడతల ఐదు వందల నోటు బయటపడ్డాయి. నోటును మా ఆవిడ చూసింది. సెటప్‌లో భాగంగా అది చేతులు మారింది.

ఆ తర్వాత యాప్. యాప్‌కు ఈమెయిల్ కావాలి, మెయిల్‌కు పాస్‌వర్డ్ కావాలి, పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం, అంకె, ఒక పిచ్చిగుర్తు ఉండాలి. ఓటీపీ వచ్చింది గానీ, అది చూడ్డానికి యాప్ బయటికి వస్తే యాప్ మళ్లీ మొదటికి పోయింది. ఎలాగో లోపలికి పోతే “కొత్త ఫర్మ్‌వేర్ ఉంది” అంది. డ్రోనుకు అప్‌డేట్ చేశాం. రిమోటు అలిగింది, నాకేదీ అని. దానికీ చేశాం. అప్పుడు బ్యాటరీ మొదలెట్టింది, నాకూ కావాలని. రెండో బ్యాటరీ పెడితే దాని లెక్క వేరట. పొద్దుననగా పూనుకున్నవాళ్లం, మా ఆవిడ సజ్జరొట్టెలు చేసి పిలిచే వేళకు ఆకాశంలో ఎగరాల్సిన వస్తువు ఇంట్లో వైఫై డబ్బా పక్కన కూర్చొని ఉంది.

మా పెదనాయిన వచ్చింది అప్పుడే. ఆయనది పాత జటప్రోలు. శ్రీశైలం ముంపులో ఊరు పోయినప్పుడు మదనగోపాలస్వామి గుడిని రాయి రాయి విప్పి ఎగువకు తెచ్చి మళ్లీ కట్టారు. ఆ పనిలో ఆయన వయసులో ఉండగా కూలికి పోయాడు. దేన్ని విప్పి బిగించినా ఆయనే పరీక్షాధికారి. మేనల్లుడు రెక్కలు బిగిస్తుండగా చేతికర్రతో చూపించాడు.

“గా రెక్క మీద తెల్లగీత ఏందిరా?”

“గీత ఉన్నది గీత ఉన్న మోటారుకే పెట్టాలె తాతా. రెండు ఇటు తిరుగుతయి, రెండు అటు తిరుగుతయి. మారిస్తే ఎగరదు, తలకిందులైతది.”

“అట్లనా. మేము గుడ రాళ్లకు అంకెలేసి ఇప్పినం.” పెదనాయిన మెచ్చుకున్నాడు. అంతలో దుప్పటి మీద పొట్లంలో మిగిలిన మరలు ఆయన కంటబడ్డాయి. “మరి అవేంది?”

“స్పేర్లు తాతా.”

“గుడికి స్పేర్లు ఇయ్యలే,” అన్నాడు. తర్వాత చాలాసేపు ఆ డ్రోనును నమ్మలేదు.

మిద్దె మీదికి తీసుకుపోయి ఆన్ చేస్తే యాప్‌లో ఎర్రపట్టీ. అయస్కాంతపు గొడవట. దాని పొట్టలో దిక్సూచి ఉంటుంది, స్లాబులో ఇనుప చువ్వలుంటాయి, రెండింటికీ పడదు. మేము ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ చువ్వలు తక్కువేశాడని మా ఆవిడకు పన్నెండేళ్లుగా అనుమానం. ఆ రోజు తీరింది. డ్రోను వల్ల మాకు జరిగిన మొదటి లాభం ఇదే.

సరే, తోటకు పోయాం. సాయంత్రమే పోయాం, ఎందుకంటే 40 డిగ్రీలు దాటితే ఎగరేయొద్దని పుస్తకంలో రాశారు. మా పాలమూరులో ఆ మాట రాస్తే ఎండాకాలమంతా సెలవిచ్చినట్టే. తోటలో బోరు దగ్గర నిలబడితే ఇనుప పైపు. స్టార్టరు డబ్బా దగ్గరా అంతే. చివరికి రెండు చెట్ల వరసల మధ్య ఖాళీ నేల దొరికింది. బండి తాళాలు, గొలుసులు అందరూ దూరం పెట్టాలన్నాడు మేనల్లుడు. మా అమ్మ కాళ్ల కడియాల వైపు చూశాడు. “ఎండివి బిడ్డా, పెండ్లప్పుడు పెట్టిండ్రు, నీ మిషను కోసం తియ్య,” అంది. వెండికి అయస్కాంతంతో పని లేదు గనుక చదువుకున్నవాడు తప్పించుకున్నాడు.

దిక్సూచిని సరిచేయడమంటే డ్రోనును రెండు చేతులా అడ్డంగా పట్టుకొని మన చుట్టూ మనం ఒక చుట్టు తిరగాలి. తర్వాత మూతి కిందికి వంచి నిలువుగా పట్టుకొని ఇంకో చుట్టు. నేను తిరుగుతున్నాను. గట్టు మీద పదిమంది జమయ్యారు.

“దిష్టి తీస్తున్నడా?”

“కుడిదిక్కు తిరుగు కొడుకా, ఎడమ మంచిది గాదు,” అని మా అమ్మ.

మా వైపు జనానికి డ్రోను కొత్త కాదు, మందు కొట్టే డ్రోన్లు వరిచేలలో చూస్తూనే ఉన్నారు. అందుకని మొదటి ప్రశ్న, “ఎన్ని లీటర్లు పడతది?” ఏమీ పట్టదు అన్నాను. “మల్ల ఎకరాకు ఎంత తీస్కుంటవు?” ఏమీ తీసుకోను అన్నాను. ఇంతకంటే పనికిమాలిన డ్రోను ఉండదని తేలాక సగం మంది వెళ్లిపోయారు. పక్క తోటాయన మాత్రం పట్టాదారు పాస్‌బుక్కుతో వచ్చాడు. “ధరణి పోయి భూభారతి వచ్చె గద, ఇది దాని తాలూకేనా? మన నడుమ గట్టు ఎవరి దిక్కు జరిగిందో సూపెడతదా?” ఇద్దరం గట్టు వైపు ఒక్కసారి చూసి, వెంటనే చెరోవైపు చూశాం. కొన్ని విషయాలు పైనుంచి తెలియకపోవడమే ఇరుగుపొరుగుకు క్షేమం.

ఇక ఉపగ్రహాలు. అమెరికావి, రష్యావి, యూరప్‌వి, చైనావి అన్నీ కలిసి మా బేనిషాన్ చెట్ల మీద సంతకం చేస్తే గానీ ‘హోమ్ పాయింట్’ కుదరదు. ఆ దేశాలు ఇంకెక్కడా అంత తొందరగా ఏకమవవు. సిగ్నల్ పోయినా, బ్యాటరీ అడుగంటినా డ్రోను దానంతటది ఆ పాయింటుకే తిరిగొస్తుంది. వచ్చేటప్పుడు ఎంత ఎత్తులో రావాలో మనమే చెప్పాలి, లేకపోతే చెట్టుకు కొట్టుకుంటుంది.

“ఎత్తు ఎంత పెడదాం మామా?”

“885 పెట్టు,” అన్నాడు పెదనాయిన.

మా వైపు ఎత్తంటే ఒకటే ఎత్తు, శ్రీశైలం నిండు నీటిమట్టం, 885 అడుగులు. ఆ అంకె తెలియకుండా మా దగ్గర ఎవరూ ముసలివాళ్లు కాలేదు. అది సముద్రమట్టం లెక్క, ఇది లేచిన నేల నుంచి లెక్క, పైగా చట్టం 120 మీటర్లు దాటనివ్వదని చెప్పాను. “అంటే ఎన్ని అడుగులు?” “400 లోపు.” పెదనాయిన పెదవి విరిచాడు. “అంతకే మునిగిపోతది.” కాసేపాగి, “పాత జటప్రోలు కనబడ్తదా?” అన్నాడు. ఎండాకాలం నీళ్లు దిగితే పాత గోడల మొదళ్లు బయటపడతాయి మరి. కంటిచూపు మేర దాటించొద్దని రూలుందని చెప్పాను. “నా సూపుకైతే ఈడికెల్లి ఆనుతనే ఉంటది,” అన్నాడు. దానికి రూల్సులో జవాబు లేదు. 30 మీటర్లు పెట్టాం, మా చెట్లకు అది చాలు.

అంతా అయింది, ఇక లేపడమే అనుకుంటుండగా మా అమ్మ కొంగుముడి విప్పింది. పసుపు, కుంకుమ, నిమ్మకాయ. కొత్త బండికైనా ట్రాక్టరుకైనా చక్రాల కింద పెట్టి తొక్కిస్తాం. దీనికి చక్రాలు లేవు. “అయితే కడదాం,” అంది, దారం కూడా తెచ్చింది. అక్కడొచ్చింది ఆ ఒక్క గ్రాము గొడవ. 249కి ఒక నిమ్మకాయ కలిపితే నానో కాస్తా మైక్రో అవుతుంది, వేరే నిబంధనల్లోకి పోతుంది. ఢిల్లీలో అంత పకడ్బందీగా చట్టం రాసినవాళ్లకు నిమ్మకాయ తట్టలేదు. మా అమ్మకు చట్టం చెప్పాను. “ఎండినది చిన్నది కట్టు,” అంది. చివరికి మేనల్లుడు రాజీ కుదిర్చాడు. నిమ్మకాయ రిమోటుకు. రిమోటు బరువు మీద ఏ దేశంలోనూ చట్టం లేదు. కుంకుమ బొట్టు మాత్రం డ్రోను నెత్తిన, కెమెరాకు తగలకుండా. దాని బరువు నేను తూచలేదు, అడిగినవాళ్లూ లేరు.

రెండు పుల్లలనూ కిందికీ లోపలికీ వంచితే రెక్కలు గిర్రున తిరిగాయి. ఎడమ పుల్ల పైకి తోశాను. తేనెతుట్టె కదిలిన చప్పుడుతో లేచింది. కుక్క పారిపోయింది. ఎండలో ఫోను తెర కనబడక నేను, మేనల్లుడు, పెదనాయిన ముగ్గురం ఒకే తువ్వాల కింద తలలు దూర్చాం. దాని మూతి మా వైపు తిరిగితే మన కుడి దానికి ఎడమట. అది తెలిసేలోపు పక్క తోటాయన నెత్తి మీద ఒక చుట్టు వేసింది. ఆయన పాస్‌బుక్కు గొడుగులా పట్టుకున్నాడు. తర్వాత చెట్ల మీదికి పోయింది. ఎంత పచ్చన! వరసలన్నీ కుట్టుపనిలా తీరుగా ఉన్నాయి. నా తోట ఇంత అందమైనదని నాకు అప్పటిదాకా తెలియదు. వీడియో తీసి పెట్టుకున్నాం.

గుత్తేదారు రాగానే ఫోను చేతికిచ్చాను. ఈసారి నువ్వు నడవక్కర్లేదు, కూర్చొని చూడు అన్నాను. తీరిగ్గా కూర్చున్నాడు. చాయ్ తాగుతూ మొదటినుంచి చివరిదాకా చూశాడు. మళ్లీ వెనక్కి జరిపి చూశాడు. నిట్టూర్చాడు.

“పటేలా, ఆకు తప్ప కాయేడున్నది?”

బేనిషాన్ కాయ తొడిమకు వేలాడుతూ ఆకుల కింద నీడలో ఉంటుందనీ, పైనుంచి ఆకే కనబడుతుందనీ నేను చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“నేను జెప్తే నమ్మవు, ఇగ నీ మిషనే జెప్పవట్టె,” అని నిరుటికంటే తక్కువ అంకె ఒకటి చెప్పాడు. కొంతసేపు గుంజుకున్నాం. తోటలోకి తీసుకుపోయి కొమ్మలు వంచి కాయలు చూపించాను, పెదనాయిన కర్రతో లెక్కపెట్టాడు, మా ఆవిడ నిరుటి కాగితాలు తెచ్చింది. ఎట్టకేలకు నిరుటి రేటు దగ్గరే తెగింది. గుత్తేదారు బయానా లెక్కపెట్టి ఇచ్చి, చెప్పులు తొడుక్కుంటూ రిమోటుకు వేలాడుతున్న నిమ్మకాయను తట్టి చూశాడు.

“రేపు పెంట్లవెల్లి దిక్కు ఒక తోట బేరానికి పోతున్న. జెర ఈ మిషన్ తీస్కొని నా ఎంబడి రా పటేలా. పెట్రోలు నాది.”