ఉడుంపట్టు మేస్త్రి

పిడికిలి బలం కోసం హ్యాండ్ గ్రిప్పర్ కొన్నవాళ్ళలో రెండు తెగలున్నాయి. మొదటి తెగవాడు వారం రోజులు టీవీ ముందు కూర్చుని కిర్రుకిర్రుమనిపించి, తర్వాత దాన్ని సొరుగులో పాత చార్జర్ల పక్కన పడేస్తాడు. వాడితో మనకు పేచీ లేదు. రెండో తెగవాడు కొన్న పూటే దానికి మరమ్మతు మొదలుపెడతాడు. అది పాడైందని కాదు, కంపెనీవాడికి చెయ్యడం చేతకాలేదని. ఇతణ్ణి ఉడుంపట్టు మేస్త్రి అందాం. బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన ఇతగాడి కార్ఖానా: ఆకురాయి, ఎమరీ పేపరు, ముక్కలుగా కోసిన సైకిల్ ట్యూబు, పైపులకు బిగించే క్లాంపులు, సగం వాడాక రాయైపోయిన ఎంసీల్. అరచేతిలో కాయలు కాశాయి. అవి గ్రిప్పర్ నొక్కి కాచినవో, ఆకురాయి పట్టి కాచినవో ఇంట్లో ఎవరూ తేల్చి చెప్పలేరు.

నవ్వేముందు ఇతని పక్షాన ఉన్న న్యాయం కూడా చెప్పాలి. స్ప్రింగు నొక్కేకొద్దీ ఎదురు తిరుగుతుంది. పిడులు రెండూ కలవబోయే ఆ చివరి కాస్త దూరంలోనే అసలు పోరాటమంతా. పిడుల చుట్టూ క్లాంపు బిగించి ఎక్కువ తెరుచుకోకుండా చేస్తే, సాధన మొత్తం ఆ కష్టమైన చోటే జరుగుతుంది. పిడి లోపలి అంచు అరగదీస్తే, మామూలుగా ఆగిపోయే చోటు దాటి ఇంకాస్త నొక్కొచ్చు. ఇవి పిచ్చి పనులు కావు. “ఇంత తంటా ఎందుకు, ఇంకోటి కొనుక్కోవచ్చుగా?” అని అడిగేవాళ్ళకూ అతని దగ్గర సమాధానం ఉంది. ఈ విద్యలో పేరుమోసిన కెప్టెన్స్ ఆఫ్ క్రష్ గ్రిప్పర్లలో రెండో నంబరుకు 195 పౌండ్లు, మూడోదానికి 280 పౌండ్లు అని కంపెనీ లెక్క. నడుమ రెండున్నర నంబరొకటి పెట్టినా మెట్టుకూ మెట్టుకూ నలభై పౌండ్ల పైనే ఎడం. ఆ ఎడంలో కాలు జారినవాడికి క్లాంపే ఊతం. పైగా మేస్త్రికి ఒక కులదైవం ఉన్నాడు. నాలుగో నంబరును మూసి 1998లో మొట్టమొదట గుర్తింపు పొందిన అమెరికన్ జో కిన్నీ. ఇంట్లో సొంతంగా తయారుచేసుకున్న యంత్రంతో సాధన చేసినవాడు. ఆ పేరు ఎత్తితే ఇంక మన నోరు పెగలదు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. మేస్త్రి చేతినీ, గ్రిప్పర్‌నీ ఒకేసారి మారుస్తాడు. నిన్న మూసుకోనిది ఇవాళ మూసుకుంటే చెయ్యి గట్టిపడిందా, స్ప్రింగు మెత్తబడిందా? స్ప్రింగు బిగువు దాని తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే తీగ అయిదు శాతం లావైతే చాలు, బిగువు ఇరవై శాతం దాటి పెరుగుతుంది. కంటికి కనిపించని తేడా చేతికి కొండంత. ఒకే నంబరు వేసుకున్న రెండు గ్రిప్పర్లే ఒకదానితో ఒకటి సరిపోలవు. ఇక మరతిప్పి 5 నుంచి 60 కిలోల దాకా పెంచుకునే ప్లాస్టిక్ రకం సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో మారేది స్ప్రింగు కాదు, స్ప్రింగు కాలు ఆనే చోటు. 60 అన్నది అచ్చువేసినవాడి ఔదార్యం. దీని మీద మనవాడు ట్యూబు చుట్టి, అంచు అరగదీసి, నోట్‌బుక్‌లో “61.5” అని రాసుకుంటాడు. ఆ అర కిలో ఎక్కణ్ణుంచి వచ్చిందో చిత్రగుప్తుడికి కూడా అంతుపట్టదు. తక్కెడ కింద చింతపండు అంటించిన కొట్టువాడు బేరగాణ్ణి ముంచుతాడు. ఇక్కడ కొట్టువాడూ బేరగాడూ ఒక్కడే.

తూకం తెలుసుకునే దారి లేక కాదు. ఒక పిడిని బెంచి వైస్‌లో బిగించి, రెండో పిడి కొసకు పట్టీతో బరువు వేలాడదీసి, పిడులు తాకేదాకా పెంచుకుంటూ పోతే అసలు లెక్క బయటపడుతుంది. లీటరు నీళ్ళు కిలో. ఇంట్లో 20 లీటర్ల వాటర్ క్యాన్లుంటే రాళ్ళు కూడా అక్కర్లేదు. మేస్త్రి దగ్గర వైస్ ఉంది, పట్టీ ఉంది, క్యాన్లూ ఉన్నాయి. అన్నీ ఉండీ ఆ ఒక్క పనికే తీరిక ఉండదు. 60 అన్నది మూడో క్యాను దాకా వెళ్ళకుండానే తేలిపోతుందేమోనని భయం.

“ఎలా కొలిస్తేనేం, బలం మంచిదేగా?” అంటాడు. అంటూ ఫోన్లో దాచుకున్న సాక్ష్యం తీస్తాడు: 2015లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం. భారత్ సహా 17 దేశాల్లో, లక్షా నలభై వేల మంది దాకా పట్టు కొలిచారు. పట్టు అయిదు కిలోలు తగ్గిన కొద్దీ మరణం ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. నిజమే. కానీ అక్కడ పిడికిలి ఒంటి మొత్తం స్థితికి సూచిక. సూచికను సానబడితే ఆయుష్షు పెరుగుతుందని అందులో రాసిలేదు. పోనీ చేతి బలం వరకే చూద్దామన్నా, గ్రిప్పర్ నొక్కేటప్పుడు పని వేళ్ళది. బొటనవేలు చాలామటుకు పక్కన కూర్చున్న పెద్దమనిషి. అందుకే వంటింట్లోంచి “నాన్నా, ఈ పచ్చడి సీసా మూత తియ్యరా” అని పిలుపొస్తే మేస్త్రి ముఖం ఎర్రబడుతుంది గాని మూత కదలదు. సీసా వెనక్కి తీసుకున్న తల్లి అట్లకాడతో మూత అంచు మీద రెండు తట్టి, కొంగుతో పట్టి తిప్పేస్తుంది. “అది మణికట్టు పనమ్మా, ఇది వేరే విభాగం” అని ఇతను వివరిస్తూనే ఉంటాడు. చిత్రమేమిటంటే, అతను చెప్పేది నిజం.

మార్చిన గ్రిప్పర్‌తో ఎంతైనా సాధన చెయ్యనివ్వండి, పరీక్షకు మాత్రం ముట్టనిది ఒకటి పక్కన పెట్టుకోవాలి. ఇది మేస్త్రికి తెలియని ధర్మసూక్ష్మం కాదు. తెలుసు కాబట్టే బీరువాలో ఒకటి అట్టపెట్టెతో సహా దాచాడు. నెలాఖరున తీస్తాడు, గౌరవంగా నొక్కుతాడు, వెంట్రుకవాసిలో ఆగిపోతుంది. అప్పుడు కుట్టుమిషన్ నూనె సీసా వెతుకుతాడు. స్ప్రింగు చుట్ల మధ్య ఒక్క చుక్క వేస్తే అది సవరింపు కిందికి రాదట, మెయింటెనెన్సట.