ఎండ వేళకు పని

మా రోజుల్లో ఇంటి పని ఎండను బట్టి నడిచేది. తెల్లారగట్ల పెట్టిన వడియాలు మధ్యాహ్నానికి పైపొర ఆరేవి. మాగాయ ముక్కలు, ఒరుగులు, మిరపకాయలు అన్నిటికీ డాబాయే దిక్కు. గంగాళంలో నీళ్లు పోసి ఎండలో పెడితే సాయంత్రం పిల్లల స్నానాలకు వేడినీళ్లు సిద్ధం. రేషన్ కిరసనాయిలు నెలంతా రావాలి గనక చదువులూ వంటలూ పొద్దుండగానే ముగించేవాళ్లం. ఇప్పుడు అదే డాబా మీద సోలార్ పలకలు బిగిస్తున్నారు. మంచిదే, నాకూ సంతోషమే. కానీ ఎండ చేత కరెంటు చేయించుకుంటూ, ఎండ ఉన్న వేళను మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు.

మా ఇంటి మీదా 3 కిలోవాట్లు పెట్టించాం. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద అంతకు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తుంది. మన ఎండకు కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. నెలకు 300 దాటతాయి, మామూలు సంసారానికి అవి చాలు.

బిగించడానికి వచ్చిన కుర్రాడిని మా వాడు ఇది ఎలా పనిచేస్తుందని ఒక్క ముక్క అడగలేదు. ఫోన్లో యాప్ చూపిస్తే తలూపి ఊరుకున్నాడు. మా కాలంలో రేడియో కొన్నా వెనక మూత విప్పి చూడందే నిద్రపట్టేది కాదు. నేనే ఆ కుర్రాడిని కూర్చోబెట్టుకుని అడిగాను. పలకలో ఉన్నవి సిలికాన్ బిళ్లలు. ఒక పొరలో కాస్త భాస్వరం, ఇంకో పొరలో కాస్త బోరాన్ కలుపుతారు. వెలుతురు పడగానే ఎలక్ట్రాన్లు కదులుతాయి. ఒక్కో బిళ్ల ఇచ్చేది అర వోల్టు పైచిలుకే, అందుకే వాటిని వరసగా గుచ్చుతారు. వచ్చేది డీసీ కరెంటు. గోడకున్న ఇన్వర్టరు దాన్ని ఇంట్లో వాడే ఏసీగా మారుస్తుంది. అరిగిపోయే చక్రం లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ వాళ్లు లోకానికి చూపించిన సిలికాన్ సెల్ కూడా ఈ సూత్రం మీద పనిచేసిందే.

మరో సంగతి ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. బ్యాటరీ లేకపోతే, వీధిలో కరెంటు పోయినప్పుడు మన సోలారూ ఆగిపోతుంది. పట్టపగలు ఎండ కాస్తున్నా ఫ్యాను తిరగదు. జనం మోసపోయామనుకుంటారు. మోసం కాదు. లైన్ ఆపి లైన్‌మన్ స్తంభం ఎక్కినప్పుడు మన డాబా మీంచి కరెంటు తీగలోకి వెళ్తే అతని ప్రాణం పోతుంది. అందుకే ఇన్వర్టరు తనంతట తాను ఆగుతుంది. ఈ మాట అమ్మేటప్పుడే చెబితే ఎంత మర్యాదగా ఉండేది!

ఇక నెట్ మీటరు. పగలు మిగిలిన యూనిట్లు లైన్లోకి పోతాయి, రాత్రి వాడుకున్నవి అందులోంచి తీసేస్తారు. పక్కింటికి శేరు బియ్యం బదులిచ్చి, మనకు అవసరమైనప్పుడు తెచ్చుకున్నట్టు. అది చూసుకునే మా వాడు, "బిల్లు దాదాపు సున్నాకి వచ్చింది కదా నాన్నా, ఎప్పుడు వాడితే ఏం?" అంటాడు. బిల్లు వరకు నిజమే. కానీ రాత్రి మనం తెచ్చుకునే యూనిట్టు ఎండది కాదు కదా! ఇబ్రహీంపట్నంలాంటి థర్మల్ స్టేషన్లలో ఒక్క యూనిట్టుకు అర కిలో పైనే బొగ్గు కాలాలి. నీళ్ల మోటారు, బట్టల మిషను, గ్రైండరు, ఇస్త్రీ, ఇవన్నీ పదింటికీ మూడింటికీ మధ్య ముగించుకోవచ్చు. మా ఇంట్లో మోటారు రాత్రి తొమ్మిదింటికి వేస్తారు. పప్పు రుబ్బేది వార్తలయ్యాక. పగలంతా పలకలు పనిచేస్తుంటే ఇల్లు తాళం వేసి ఉంటుంది. అందరూ ఉద్యోగాలకు పోతారు, నాకూ తెలుసు. ఆదివారమైనా వేళ చూసుకోవచ్చు కదా!

దుమ్ము గురించీ ఇంతే. పలకల మీద పిట్టల రెట్టలు, రోడ్డు దుమ్ము పేరుకుని యూనిట్లు తగ్గితే కంపెనీని తిడతారు. పొద్దున్నే పలక చల్లగా ఉన్నప్పుడు మామూలు నీళ్లతో కడిగితే చాలు. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే అది చిట్లవచ్చు. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లయితే తెల్లటి మరకలు కడతాయి. అన్నట్టు, రోహిణి కార్తెలో ఎండ మండుతోంది గనక యూనిట్లు దండిగా వస్తాయనుకోకండి. పలకకు కావలసింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ నూటికి 0.3 నుంచి 0.4 వంతు దిగుబడి తగ్గుతుంది. అందుకే పలకల కింద గాలి ఆడేలా ఖాళీ వదలాలి.

నాకు కడుపు మండేది చెట్ల విషయంలో. ఒక్క మూల నీడ పడినా ఆ వరస మొత్తం నీరసిస్తుంది, ఒప్పుకుంటాను. దానికి ఉపాయం బిగించేముందే చూసుకోవాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం డాబా ఎక్కి నీడ ఎక్కడిదాకా వస్తుందో గీత గీసుకోవాలి. పలకలు దక్షిణానికి తిప్పి, ఆ గీత తప్పించి పెట్టుకోవాలి. మా వీధి చివరింట్లో ఆ శ్రమ పడలేదు. పడమటి వైపు వేపచెట్టు నీడ పలకల మీద పడేది సాయంత్రం నాలుగు దాటాక. ఆ వేళ పోయే యూనిట్లు రోజు మొత్తంలో కొసరు. దానికోసం వాళ్ల తాతగారు నాటిన చెట్టును మొదలంటా కొట్టించారు. ఇప్పుడు పడమటి గది గోడ రాత్రిదాకా సెగ కక్కుతోందని ఆ గదికి ఏసీ పెట్టించారు. అది నడిచేదీ రాత్రిళ్లే.